ఉబుంటు: అందరి కోసం చేసిన కంప్యూటర్ విద్య
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు పనికొచ్చేటట్టు కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీ వాళ్లు అడిగారు. కంప్యూటర్ల గురించి చెప్పాలంటే రోజు చాలదు. అందుకని ఒక్క విషయం తీసుకున్నాను. దాని పేరు ఉబుంటు. చివర మన బడికి సంబంధించిన ఒక పని మీ ముందు పెడతాను. దాని మీద మీరు ఔననో కాదనో చెప్పాలి.

కంప్యూటర్ అంటే మనకు కనిపించేది తెర, మీటలు, డబ్బా. ఇవి మాత్రమే ఉంటే అది పని చేయదు. మీట నొక్కితే అక్షరం తెర మీదికి రావాలి, రాసింది దాచిపెట్టాలి, ప్రింటరుకు పంపాలి. ఇవన్నీ చూసే పెద్ద ప్రోగ్రాంను ఆపరేటింగ్ సిస్టం అంటారు. బడిలో హెడ్మాస్టర్ గారు ప్రతి తరగతిలో పాఠం చెప్పరు. కానీ ఏ గది ఎవరిది, ఏ గంట ఎప్పుడు కొట్టాలి, ఎవరి తర్వాత ఎవరు అన్నది ఆయన చూస్తేనే బడి నడుస్తుంది. ఇదీ అట్లాంటిదే. మనలో ఎక్కువమందికి తెలిసిన ఆపరేటింగ్ సిస్టం విండోస్. దాన్ని వాడుకోవడానికి అనుమతి కొనుక్కుంటాం. లోపల ఎట్లా రాశారో చూడటానికి వీల్లేదు, మార్చుకోవడానికి వీల్లేదు, పక్కవాళ్లకు పంచిపెట్టడానికీ వీల్లేదు.

ఇది సరికాదని 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ గ్నూ అనే పని మొదలుపెట్టాడు. ప్రోగ్రాంను ఏ పనికైనా వాడుకోవచ్చు, ఎట్లా పని చేస్తుందో చదవవచ్చు, పంచుకోవచ్చు, మార్చి ఆ మార్పును కూడా పంచుకోవచ్చు. ఈ నాలుగు స్వేచ్ఛలూ వాడేవాడికి ఉండాలన్నాడు. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి, యంత్రానికీ ప్రోగ్రాంలకూ మధ్య ఉండే మూలభాగాన్ని రాసి అందరి ముందు పెట్టాడు. అదే లినక్స్. ఈ రెండూ కలిసి పూర్తి ఆపరేటింగ్ సిస్టం అయింది. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది ఈ లినక్సే. ప్రపంచంలో అత్యంత వేగంగా లెక్కలు చేసే 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నుంచి అన్నీ లినక్స్ మీద నడుస్తున్నవే.

మరి అంత మంచిదైతే ఇళ్లకు ఎందుకు రాలేదు? కష్టంగా ఉండేది కాబట్టి. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ అనే కూర్పును వేలాదిమంది స్వచ్ఛందంగా పెంచి పెద్ద చేశారు. అది గట్టిది, నమ్మకమైనది. కానీ కొత్తవాడు ఎక్కించుకోవాలంటే చుక్కలు కనిపించేవి. తెర ఏ రకం, మౌస్ ఏ రకం అని అది అడిగే ప్రశ్నలకు జవాబు తెలియాలి. తెలిసినవాడు పక్కన లేకపోతే పని ముందుకు సాగదు.

ఇక్కడ దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ వస్తాడు. ఇంటర్నెట్ భద్రతకు సంబంధించిన తన కంపెనీని 1999లో అమ్మి ధనవంతుడయ్యాడు. 2002లో సొంత ఖర్చుతో రష్యా వాళ్ల సోయజ్ నౌకలో అంతరిక్షానికి వెళ్లివచ్చాడు. 2004లో కొందరు డెబియన్ పనివాళ్లను కూడగట్టి, కొత్తవాళ్లకు తేలికగా ఉండే కూర్పు చేయించాడు. 2004 అక్టోబరులో వచ్చింది కాబట్టి దాని సంఖ్య 4.10. ఇప్పటికీ అదే లెక్క. 24.04 అంటే 2024 ఏప్రిల్ అని. ఏటా ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి వస్తాయి. రెండేళ్లకొకసారి వచ్చేదానికి అయిదేళ్లపాటు భద్రతా మార్పులు ఉచితంగా ఇస్తారు. బడులకు, ఆఫీసులకు అది సరిపోతుంది.

ఉబుంటు అనేది దక్షిణాఫ్రికా భాషల్లోని మాట. మనుషులందరూ ఉంటేనే నేను మనిషిని అనే భావం అందులో ఉంది.

మన నల్లగొండ రైతులకు దీని పుట్టుక ఒక్క మాటలో చెప్పవచ్చు. బత్తాయి మొక్కను గింజ నుంచి పెంచరు కదా. గట్టి వేరున్న రంగపూర్ నిమ్మ మొక్క మీద బత్తాయి కన్ను తెచ్చి అంటు కడతారు. వేరు దానిది, పండు దీనిది. డెబియన్ ఆ వేరు. దాని మీద కట్టిన అంటు ఉబుంటు. 2006లో క్లెమెంట్ లెఫెబ్వర్ అనే ఆయన ఉబుంటు మీద ఇంకో అంటు కట్టాడు, దాని పేరు లినక్స్ మింట్. విండోస్‌కు అలవాటు పడిన కంటికి మింట్ ఇంకా దగ్గరగా ఉంటుంది. లోపలి రాత దాచిపెట్టి ఉంటే ఈ అంట్లు కట్టడం సాధ్యమయ్యేది కాదు.

ఇంకో సంగతి ఇక్కడున్న మా వయసు ఇంజనీర్లకు గుర్తుండే ఉంటుంది. 2011 దాకా ఎవరు అడిగినా ఉబుంటు సీడీని పోస్టులో ఉచితంగా పంపేవాళ్లు, తపాలా ఖర్చు కూడా వాళ్లదే. ఇంటర్నెట్ నత్తనడక నడిచే ఆ రోజుల్లో ఊళ్లకు లినక్స్ చేరింది పోస్ట్‌మాన్ సంచిలోనే.

ఇంత ఉచితంగా ఇస్తే వాళ్లకేం లాభం అని మీకు అనుమానం రావచ్చు. షటిల్‌వర్త్ పెట్టిన కెనానికల్ అనే కంపెనీ పెద్ద కంపెనీల సర్వర్లకు సేవలందించి సంపాదిస్తుంది. మింట్ విరాళాల మీద నడుస్తుంది. డెబియన్ స్వచ్ఛంద శ్రమ మీద నడుస్తుంది. ఉచితం అంటే ఎవరూ కష్టపడలేదని కాదు. ఆ కష్టానికి బిల్లు మన దగ్గరికి రాలేదని మాత్రమే.

ఇక వాడకం సంగతి. మొదటి సౌకర్యం, ఎక్కించకుండానే చూడవచ్చు. పెన్‌డ్రైవ్‌లో పెట్టి దాని నుంచే కంప్యూటర్‌ను నడిపించి చూస్తాం. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేస్తే పాతది పాతట్టే ఉంటుంది. రెండోది, ఉత్తరాలు, లెక్కల పట్టికలు, బొమ్మల ప్రదర్శన చేసుకునే లిబ్రేఆఫీస్, ఇంటర్నెట్ చూసే ఫైర్‌ఫాక్స్ దానితోనే వస్తాయి. మూడోది, కావలసిన మిగతావన్నీ ఒకే చోట, ఫోన్‌లో ప్లేస్టోర్ లాంటి దుకాణంలో దొరుకుతాయి. చిన్న పిల్లలకు ఆటలతో పాఠాలు చెప్పే జీకాంప్రి, బొమ్మలు గీసే టక్స్ పెయింట్, ఆకాశంలో నక్షత్రాలను చూపించే స్టెల్లేరియం, మూలకాల పట్టికను చూపించే కాల్జియం, అన్నీ ఉచితమే. విండోస్ కోసం రాసిన వైరస్‌లు ఇక్కడ నడవవు. అట్లాగని అజాగ్రత్తగా ఉండమని కాదు. ఓటీపీ అడిగేవాడికి ఏ కంప్యూటరైనా ఒకటే.

అసలు మన పిల్లల భాష సంగతి ఏమిటి? ఇది నాకు ముఖ్యమైన విషయం. కంప్యూటర్‌లో తెలుగు అంటే ఒకప్పుడు అచ్చుపని చేసే షాపుల్లో వాడే ఫాంట్లే. వాటిలో తెర మీద కనిపించేది తెలుగు, లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాల సంఖ్యలు. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల సొంత గది ఉంది. అందులో రాసింది ఎక్కడైనా తెలుగుగానే కనిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన పేర్లతో యూనికోడ్ ఖతులు చేసి అందరికీ ఇచ్చారు. అవి డెబియన్, ఉబుంటు భాండారాల్లో ఇవాళ్టికీ ఉన్నాయి.

2005లో హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఒక ఆపరేటింగ్ సిస్టంను తెచ్చింది. తర్వాత బడి పిల్లల కోసం బాలస్వేచ్ఛ అనే కూర్పు చేసింది. చిన్న తరగతుల నుంచి పదో తరగతి దాకా పనికొచ్చే పాఠ్య ప్రోగ్రాంలు అందులో పెట్టారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో విడుదల చేసిన బాస్ అనే కూర్పులో కూడా తెలుగు ఉంది. దాని వేరు కూడా డెబియనే. ఇంగ్లిష్ మాటలను ఒక్కొక్కటిగా తెలుగు చేసినవాళ్లలో చాలామంది స్వచ్ఛందంగా, సాయంత్రాలు, ఆదివారాలు కూర్చుని చేసినవాళ్లే. ఫైలును దస్త్రం అన్నారు. పట్నంలో అది కొత్తగా అనిపించవచ్చు. పటేల్, పట్వారీల కాలం చూసిన మన ఊళ్లలో దస్త్రం అంటే ముసలివాళ్లకు కూడా తెలుసు. సెట్టింగ్స్‌ను అమరికలు అన్నారు. ఏ మాట బాగుందో, ఏ మాట పిల్లలకు ఎక్కడం లేదో చెప్పి మార్పించే వీలు కూడా ఇక్కడ ఉంది. మన తెలుగు సార్లు, మేడమ్‌లు తలుచుకుంటే ఆ పనిలో చేయి వేయవచ్చు.

మీటల విషయంలో పిల్లలు భయపడక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్ అనే మన దేశపు పద్ధతి అందులోనే ఉంది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. కకు పొల్లు పెట్టి ష కొడితే క్ష వస్తుంది. గుణింతం వచ్చిన పిల్లకు పదిహేను రోజుల్లో చేయి తిరుగుతుంది.

దీనిలో లేనివి కూడా చెప్పాలి, లేకపోతే రేపు మీరే నన్ను నిలదీస్తారు. లెక్కల షాపుల్లో వాడే టాలీ దీని కోసం చేసింది కాదు. అచ్చు షాపుల వాళ్ల పాత పేజ్‌మేకర్ కూడా అంతే. కొన్ని ప్రింటర్లు పేచీ పెడతాయి. ఉద్యోగానికి వెళ్లేచోట విండోసే ఉంటుంది కదా అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. లిబ్రేఆఫీస్‌లో పట్టిక వేయడం వచ్చిన పిల్లవాడు ఎక్సెల్‌లో వేయడానికి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోడు. కేరళలో 2001లో మొదలైన ఐటీ అట్ స్కూల్ పథకం ప్రభుత్వ బడులను ఈ దారికే మళ్లించింది. అక్కడి సంస్థ 2019లో ఇచ్చిన కూర్పు ఉబుంటు 18.04 మీద కట్టిందే. ఆ పిల్లలకు ఉద్యోగాలు రావడం ఆగలేదు.

ఇప్పుడు మన బడి దగ్గరికి వస్తాను. కంప్యూటర్ గది మీలో కొందరు పొద్దున చూశారు. యంత్రాల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. హెడ్మాస్టర్ గారి అనుమతితో మేం నలుగురం నిన్న కూర్చుని ఒక్కొక్కటి చూశాం. కొన్నిటికి ప్రాణం లేదు. సగానికి పైగా కరెంటు పెడితే వెలుగుతున్నాయి. అవన్నీ 64 బిట్ యంత్రాలే, 4 జీబీ మెమరీ ఉన్నవే. విండోస్ 11కు అవి పనికిరావు, దానికి కొత్త ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి. వాటిలో ఉన్న విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. కాబట్టి వీటిని తుక్కు కింద అమ్మేయాలన్నది ఒక ఆలోచన. వాటిలో మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలిక రకం నడుస్తుంది. ఒకదాని మీద పెన్‌డ్రైవ్‌తో నడిపి చూశాం. పాత హార్డ్ డిస్క్ తీసి చిన్న ఎస్ఎస్‌డీ వేస్తే ఇంకా చురుగ్గా ఉంటుంది.

స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర ఆర్చి కట్టాలనే ప్రతిపాదన కూడా ఉంది. ఆర్చి మీద నాకు కోపం లేదు. మన పేర్లు రాతి మీద ఉంటే అందరికీ సంతోషమే. కానీ ఈ ముందు వరుసల్లో కూర్చున్న పిల్లల్లో సగం మంది చుట్టుపక్కల తండాల నుంచి వస్తున్నారు. ఇంట్లో ఒకే ఫోన్, అది నాన్నతో హైదరాబాద్ కూలికి పోతుంది. పదో తరగతి దాటేలోపు ఆ పిల్ల మీటల మీద చేయి పెట్టే చోటు ఈ గది ఒక్కటే. ఆర్చి ఏడాది ఆగినా పడిపోదు. పదో తరగతి పిల్లకు ఏడాది ఆగితే బడి అయిపోతుంది.

నేను అడుగుతున్నవి నాలుగు. ఒకటి, బాగయ్యే యంత్రాలకు ఎస్ఎస్‌డీలు, ఒక ఇన్వర్టర్ నిధి నుంచి కొనాలి. రెండు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు నెలకు ఒక ఆదివారం వంతులవారీగా రావాలి. నూరు కిలోమీటర్ల పైమాటే, నాకు తెలుసు. అయినా పెళ్లిళ్లకు వస్తూనే ఉన్నాం కదా. మూడు, ఇక్కడే ఉన్న ఇద్దరు ఉపాధ్యాయులకు, ఇద్దరు తొమ్మిదో తరగతి విద్యార్థులకు ఎక్కించడం, బాగు చేయడం నేర్పాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల కావాలి. నాలుగు, గది తాళంచెవి బడి పని దినాల్లో బీరువాలో ఉండకూడదు.

మొదటి మూడూ లేకపోయినా నాలుగోది ఈ సోమవారం నుంచే మొదలుపెట్టవచ్చు.

కొత్తవాళ్లకు తేలికైన ఆపరేటింగ్ సిస్టం అని ఉబుంటుకు పేరు. తెర మీద బొమ్మలు బాగున్నంత మాత్రాన ఏదీ తేలిక కాదు. వేల మంది ఎక్కడెక్కడో కూర్చుని కష్టాన్ని తమ వంతుకు తీసుకున్నారు కాబట్టి మన దాకా వచ్చేసరికి తేలికైంది. మన గురువులు మనకు చేసింది కూడా అదే. ఎక్కాలు వాళ్లకు ఎంత విసుగు తెప్పించాయో మనకు తెలియనివ్వలేదు. ఇప్పుడు ఆ చివరి మెట్టు, ఆ గదిలో పిల్ల పక్కన కూర్చుని ఇది నొక్కమ్మా అని చెప్పే పని, మన వంతుకు వచ్చింది.

గుమ్మం దగ్గర బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టాం. భోజనాలకు వెళ్లే ముందు ఏ నెల ఆదివారం రాగలరో అందులో పేరు, బ్యాచ్ రాయండి.