ముక్కు దారిన మెదడుకు మందు
(మన సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

"నువ్వు చేసే పని మాకర్థమయ్యేలా చెప్పు, పావుగంట దాటొద్దు" అన్నారు కార్యదర్శి గారు. మందుల పరిశోధనలో ముప్పై ఏళ్లు గడిపాను కానీ ఇంత కష్టమైన పరీక్ష ఎవరూ పెట్టలేదు.

మా బ్యాచ్‌లో ఒకడుండేవాడు. వాళ్ల నాన్న సాయంత్రంపూట కాలవ గట్టు మీద తూలుతూ, చేతులు విసురుతూ నడిచేవారు. తాగుబోతని మేం నవ్వేవాళ్లం. ఆయన వెనకాలే అలా నడిచి చూపించేవాళ్లం, నేను కూడా. ఆయన చుక్క ముట్టి ఎరగరండి. ఆ సంగతి మాకు తెలిసేసరికి మావాడికి నలభై రెండేళ్లు. వాడూ అలాగే నడుస్తున్నాడు. పరీక్ష చేయిస్తే హంటింగ్టన్ జబ్బని తేలింది. వాడు పోయి ఆరేళ్లయింది. ఇంటివాళ్లు చెప్పమన్నారు కనక చెబుతున్నాను, పేరు మాత్రం అడక్కండి.

ఈ జబ్బును 1872లో జార్జి హంటింగ్టన్ అనే డాక్టరు వర్ణించాడు. కారణమైన జన్యువు 1993లో దొరికింది. అందులో మూడక్షరాల ముక్క ఒకటి పదే పదే వస్తుంది. అది 40 సార్లో, అంతకు మించో వస్తే జబ్బు దాదాపు తప్పదు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం సగం అవకాశం. వణుకుకీ, దిగులుకీ మందులున్నాయి కానీ జబ్బును ఆపే మందు మార్కెట్లో లేదు.

మరి జన్యువు నోరు మూయించడమంటే ఏమిటి? మన బళ్లో నోటీసు పుస్తకం గుర్తుందా? అసలు రిజిస్టరు హెడ్మాస్టారి గది దాటదు. అందులోంచి రాసిన నోటీసునే అటెండరు క్లాసు క్లాసుకీ తిప్పేవాడు. కణంలో డీఎన్‌ఏ ఆ రిజిస్టరు, ఆర్‌ఎన్‌ఏ ఆ నోటీసు. రిజిస్టరు జోలికి పోకుండా, తప్పుడు నోటీసును వరండాలోనే చింపేస్తే క్లాసులో ఆ పని జరగదు. అలా చింపే సాధనం ఇరవై చిల్లర అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క. ఈ కిటుకును ఫైర్, మెల్లో అనే ఇద్దరు 1998లో సన్నటి పురుగుల్లో చూపించారు, 2006లో నోబెల్ అందుకున్నారు. దాని మీద తయారైన మొదటి మందు 2018లో వచ్చింది. కొవ్వు బుడగల్లో పెట్టి రక్తంలోకి ఎక్కిస్తే అది కాలేయానికి చేరుతుంది.

మెదడుకు మాత్రం చేరదు. అక్కడ రక్తనాళాల గోడలు మన కాలవల మీద లాకు తలుపుల్లా బిగిసి ఉంటాయి. అందుకని వెన్నులోకి సూది వేసి చూశారు. అలాంటి మందు ఒకదాని పెద్ద ప్రయోగంలో మోతాదులు ఇవ్వడం 2021 మార్చిలో ఆపేశారు. పుర్రెకు రంధ్రం పెట్టి ఇచ్చే చికిత్స ఇంకొకటుంది. ఎక్కువ మోతాదు తీసుకుని మూడేళ్లు పూర్తయిన 12 మందిలో జబ్బు ముదరడం 75 శాతం నెమ్మదించిందని 2025 సెప్టెంబరులో కంపెనీ ప్రకటించింది. మంచి కబురే. కానీ గంటల తరబడి మెదడు ఆపరేషన్ ఎంతమందికి సాధ్యం?

అందుకే మాలాంటివాళ్ల చూపు ముక్కు మీద పడింది. ముక్కు పైకప్పు దగ్గర వాసన నరాలు ఎముకలోని సన్నటి చిల్లుల గుండా నేరుగా మెదడుకు వెళతాయి. లాకుతో పని లేని పిల్ల బోదె అన్నమాట. 2020లో దక్షిణ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ ఆర్‌ఎన్‌ఏ ముక్కలను కైటోసాన్ నానోరేణువుల్లో చుట్టి హంటింగ్టన్ ఎలకల ముక్కుల్లో వేశారు. మెదడులో ఆ జన్యువు పనితనం సగం దాకా తగ్గింది.

కైటోసాన్ అంటే మనకి కొత్తదేం కాదండి. రొయ్య పెంకులోంచి తీసేదే. ఆకివీడు నుంచి భీమవరం దాకా చెరువులున్నవాళ్లు ఇక్కడ ఎంతమందో! మనం పారేసే పెంకును క్షారంలో ఉడికిస్తే వస్తుంది. దానికి ధనావేశం, ఆర్‌ఎన్‌ఏకి రుణావేశం. రెండూ అతుక్కుని వెంట్రుక మందంలో వెయ్యో వంతు, ఆ దరిదాపుల ఉండలవుతాయి. చీమిడిని పట్టుకుని కాసేపు నిలవడం దాని ఇంకో గుణం. లేకపోతే ముక్కులో వేసినది పావుగంటలో గొంతులోకి జారిపోతుంది.

ఇక్కడితో ఆపేస్తే మీరు చప్పట్లు కొడతారు. కానీ ధవళేశ్వరం దగ్గర నీళ్లు నిండుగా ఉన్నా శివారు చేలు ఎండిపోవడం మీకు తెలుసు. ఇక్కడా అంతే. మందు ముక్కు దగ్గరి భాగానికి బాగా అందుతుంది. హంటింగ్టన్ ముందుగా దెబ్బతీసేది మెదడు లోతుల్ని, అవి శివారు. పైగా ఎలక ముక్కులో దాదాపు సగం వాసన పొరే, మన ముక్కులో అది పదో వంతు కూడా ఉండదు. ఎలక మెదడు చిక్కుడు గింజంత, మనది కొబ్బరికాయంత. ఇంకో చిక్కుంది. చెడ్డ నోటీసుతో పాటు మంచి నోటీసునూ చింపేస్తే ఏమవుతుందో చూసుకోవాలి. 2023లో మొదలైన మన హైదరాబాదు ముక్కుచుక్కల కోవిడ్ టీకా పని వేరు. దానికి మెదడు దాకా పోవలసిన అవసరం లేదు.

మావాడి కూతురు నన్నడిగింది: "బాబాయ్ గారూ, ఈ చుక్కలు ఎప్పుడొస్తాయి?" తారీఖు చెప్పలేనమ్మా అన్నాను. ఆ మాట అనడానికి నాకు చాలాసేపు పట్టింది. ఈలోగా ఎవరో "నానో నస్యం" అని సీసా అమ్మితే వాళ్లింట్లో ఎనిమిది వేలు పోసి కొన్నారు. వాసన చూశాను, యూకలిప్టస్ నూనె. అలాంటివి కొనకండి. జన్యు పరీక్ష కావాలనుకుంటే ముందు కౌన్సెలింగ్ తీసుకోండి. హైదరాబాదు నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగముంది. ఒకసారి తెలిశాక తెలియనట్టుండడం కుదరదు కనక, చేయించుకోవాలో వద్దో ఎవరికి వారు తేల్చుకోవలసిందే. పెళ్లివారి తొందర కోసం చేయించే పరీక్ష కాదిది.

మా బ్యాచ్ వాళ్లం నిన్న సాయంత్రం ఆ ఇంటికెళ్లాం. మావాడి తల్లికి ఇప్పుడు ఎనభై దాటాయి. ఆవిడ భర్త నడకను చూసి నవ్వినందుకు క్షమించమన్నాం. ఆవిడ కాఫీలు పెట్టించారు.

ఇంట్లో ఇలాంటి జబ్బున్నవాళ్లు, ఉందేమోనని అనుమానమున్నవాళ్లు భోజనాలయ్యాక పదో తరగతి బి సెక్షన్ గదికి రండి. సాయంత్రం దాకా అక్కడే ఉంటాను.