వంతెన దూలమును, పలకయును
(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన కుటుంబముల పిల్లలలో పలువురు నేడు ఇంజనీర్లై వంతెనల లెక్కలు కంప్యూటరుపై చేయుచున్నారు. ఆ పని యేమని ఇంటి పెద్దలడిగినచో తెలుగున చెప్పుటకు తడబడుచున్నారు. ఆ తడబాటు మాటలోనే ఆగినచో బాధలేదు. భావములోను ఉన్నచో వంతెనకే ముప్పు. కనుక ఆ విషయమును ఇంటి మాటలలో మనవి చేయుదుము.

వంతెన క్రింద దూలములుండును. వానిపై పలక, అనగా స్లాబు, ఉండును. బండి బరువు పలకపై పడి, దూలములకు పంచబడి, బేరింగుల మీదుగా స్తంభములకు దిగును. కంప్యూటరు ఈ కట్టడమును కన్నులతో చూడదు. దూలమును ఒక గీతగాను, పలకను ఒక పలుచని తలముగాను మనము వ్రాసి యిచ్చినదే దానికి వంతెన.

చిక్కు ఇచ్చటనే కలదు. గీత దూలపు నడిమట్టమున, తలము పలక నడిమట్టమున ఉండవలెను. 300 మిల్లీమీటర్ల వెడల్పు, 1200 మిల్లీమీటర్ల లోతు గల దూలముపై 2400 వెడల్పు, 200 మందము గల పలక యున్నదనుకొందము. నడిమట్టముల ఎడము 700 మిల్లీమీటర్లు. తొందరలో రెంటిని ఒకే మట్టమున నిలిపినచో, వంపునకు ఎదురొడ్డు జడత్వ భ్రామకము మీటరు నాల్గవ ఘాతపు కొలతలో 0.0448 మాత్రమే. ఎడమును పాటించి, రెండును ఏకాంగముగా వంగునట్లు బిగించినచో 0.1456. అనగా మూడింతలకు పైమాట!

దీనికి ఎదురైన తప్పు మరియొకటి. దూలమునకే పలకతో కూడిన బలమంతయు వ్రాసి, పలకను మరల వేరుగా చేర్చుదురు. అప్పుడు ఒకే పలక రెండుసార్లు లెక్కకు వచ్చును. లేని బలము కాగితముపై కనబడును.

మా తొలి ఉద్యోగ దినములలో మేమును మొదటి తప్పు చేసితిమి. వంపు హెచ్చుగా వచ్చినదని దూలములను పెంచబోగా, పెద్ద ఇంజనీరొకరు కాగితముపై లెక్కవేసి, "నాయనా, దూలము సన్నము కాదు, నీ గీత తప్పు" అనిరి. ఆ మాట నేటికిని మరువలేదు.

చేతిలెక్క కష్టము కాదు. పై దూలమును పలకయును కలిసి మీటరుకు సుమారు 2.1 టన్నులు తూగును. 16 మీటర్ల వంతెనకు 33.6 టన్నులు, ఒక్కొక్క కొనకు 16.8. కంప్యూటరు వేరొకటి చెప్పినచో ఆగి వెదకవలెను.

1991 ఆగష్టు 23న నార్వేలో స్లీప్నర్-ఏ అను చమురు వేదికయొక్క కాంక్రీటు పునాది, పరీక్షించుచుండగా సముద్రమున మునిగెను. కంప్యూటరు నమూనాలో గోడలను తగినంత సూక్ష్మముగా విభజింపనందున, వానిపై కోతబలము 47 శాతము తక్కువగా లెక్కకు వచ్చెను. ఉక్కు కూర్పులోను లోపముండెను. ప్రాణనష్టము లేకపోవుట అదృష్టము. అది వంతెన కాకపోయినను పాఠమొక్కటే. యంత్రము అబద్ధమాడలేదు, తన కిచ్చిన చిత్రమునకు సరియైన జవాబే చెప్పినది. చిత్రమే తప్పు.

పెద్దలారా, మీ పిల్లలను అడుగుడు: "ఈ బరువు ఎచ్చట పుట్టి, ఏ దారిన నేలకు దిగుచున్నది?" బిడ్డలారా, తెలుగున బదులు చెప్పుడు. అమ్మమ్మకు బోధపడునట్లు చెప్పగలిగిననాడు ఆ లెక్క మీకును బోధపడినట్లే. సెలవు.