ఇల్లు దొరికిన చాలదు, వాడ దొరకవలెను

(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలలో పరీక్షా ఫలితములను గూర్చియు, పిల్లలు గెలిచిన బహుమానములను గూర్చియు ముచ్చటించుకొనుట మన వాడుక. ఆ సంగతులన్నియు నివేదికలో విన్నారు. నేడు మేము మీ ముందుంచ దలచినది ఇంటి విషయము. పాఠశాల సభలో ఇంటి ప్రసక్తి ఏల యని మీరు అడుగవచ్చును. కారణము చెప్పెదము.

గత వేసవి సెలవులకు ముందు ఒక తల్లి తన కుమార్తెకు బదిలీ సర్టిఫికెట్టు తీసికొని పోయినది. ఊరి వెలుపల క్రొత్త ఇల్లు దొరికినదనియు, అందు కుళాయియు, మరుగుదొడ్డియు, వంటకు వేరుగా చోటును కలవనియు సంతోషముతో చెప్పినది. మేమును సంతోషించితిమి. ఆరు నెలలకు ఆమెయే తిరిగి వచ్చి, పిల్లను మరల చేర్చుకొందురా యని అడిగినది. ఏమైనదమ్మా యనగా, “ఇల్లు దొరికింది సారూ, వాడ దొరకలే. పిల్ల బడి నుంచి వస్తే తలుపుకు తాళం. గడపల కూసుంటది. రా బిడ్డా అని పిలిచేటోళ్లు లేరు” అన్నది.

ఆ మాట నాటినుండి మమ్ము వదలలేదు. మీలో పెక్కుమంది నేడు పాత పేటలను విడిచి పోవు ఆలోచనలో ఉన్నారు. ఏ ఇల్లు మంచిదని విచారించుచున్నారు. ఏ వాడ మంచిదని విచారించువారు తక్కువ. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

మన పెద్దలు షోలాపూరునకు ఎట్లు వచ్చిరో మీ ఇండ్లలో విన్నదే. కరువు చేతను, పని కొరకును, తెలంగాణమునుండి పద్మశాలీ కుటుంబములు ఇచ్చటికి తరలివచ్చినవి. 1877లో ఇచ్చట నూలుమిల్లు స్థాపితమైన పిదప ఆ రాక ఇంకను హెచ్చినది. కొందరు మిల్లులో చేరిరి, కొందరు ఇంట మగ్గము వేసిరి. సాఖర పేట, భద్రావతి పేట, దాజీ పేట మొదలగు పేటలలో తెలుగు మాట స్థిరపడినది. మార్కండేయుని గుడి, శ్రావణ పూర్ణిమనాటి రథోత్సవము, వీధులలో బతుకమ్మ, ఇవన్నియు వారు తెచ్చి నిలిపినవే.

ఆ పేటలలోని ఐకమత్యమును మనము తరచుగా పొగడుదుము. అది ఎట్లు పుట్టినదో మాత్రము ఆలోచింపము. చేనేత ఒక్కని పని కాదు. వీధి పొడవున పడుగు పరచి గంజి పెట్టవలెనన్న ఒక్క ఇంటివారి చేతులు చాలవు. నేడు మా పడుగునకు మీరు వచ్చిన, రేపు మీ పడుగునకు మేము రావలెను. రానివానికి పని సాగదు. స్త్రీలు అరుగుల మీద చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుచుండిరి. చేయి తునికాకుపైనను, కన్ను వీధిలో ఆడు పిల్లలందరిపైనను ఉండెడిది. ఎవరి బిడ్డ యను భేదము లేదు. అట్టి పేటలో పిల్లకు తాళము వేసిన ఇల్లు లేదు. ఒక తలుపు మూసియున్న, ప్రక్క తలుపు తెరచి యుండెడిది.

అనగా నాటి ఇరుగుపొరుగు ప్రేమ ఆకాశమునుండి ఊడిపడలేదు. పని దానిని పెంచినది. అక్కర దానిని కాపాడినది.

ఇట్లనుట చేత మేము పాత పేటలను స్వర్గమని చెప్పుచున్నామని తలపవలదు. ఒక్క గదిలో ఎనమండుగురు, ఆ గదిలోనే మగ్గము, ఆ మగ్గము క్రిందనే పసిబిడ్డ యుయ్యెల. పొగాకు ధూళికి దగ్గు, కుళాయి యొద్ద తగవు. అందే పడియుండుడని మీకు చెప్పుటకు మాకు అధికారము లేదు. మంచి ఇంటికి పోవుట మీ హక్కు.

పోవుటలోను ఒక మార్గము కలదు. కుంభారి గ్రామ సమీపమున బీడీ కార్మిక స్త్రీలకై నిర్మింపబడి, 2006లో ప్రారంభమైన గోదూతాయి పరులేకర్ కాలనీ సంగతి మీ కందరకును తెలిసినదే. 10,000 ఇండ్లు. వార్లీ గిరిజనుల పక్షమున పోరాడిన గోదావరీ పరులేకర్ పేరు దానికి పెట్టిరి. వ్యయములో కొంత కేంద్ర ప్రభుత్వము, కొంత రాష్ట్ర ప్రభుత్వము, కొంత ఆ స్త్రీలే భరించిరి. ఆ వైపుననే అసంఘటిత కార్మికులకు సంకల్పించిన రే నగరమున 30,000 ఇండ్లకు గాను 15,000 ఇండ్లు 2024 జనవరిలో ఇయ్యబడినవి. ఈ ఇండ్లు ఒక్కొక్కరు విడివిడిగా కోరిన వచ్చినవి కావు. ఏండ్ల తరబడి స్త్రీలు సభలకు వచ్చి, సహకార సంఘముగా ఏర్పడి, కలసి అడిగిన పిదప వచ్చినవి. ఇటుక పేర్చుటకు ముందే వారు ఒకరినొకరు ఎరిగియుండిరి. మనము గ్రహింపవలసిన పాఠము ఇదియే.

కాబట్టి ఇల్లు చూడబోవు తలిదండ్రులకు మా మనవి. దలాలితో పగటిపూట పోయి గోడలు చూచి రావలదు. సంధ్యవేళ మీరు మాత్రమే పొండు. వీధిలో పిల్లలు ఆడుచున్నారా? ముసలివారెవరైన గడప ముందు కూర్చున్నారా? క్రొత్త ముఖమును చూచి, “ఎవరి ఇంటికండీ?” యని అడుగువారున్నారా? అట్లు అడిగిన విసుగుకొనవలదు. ఆ ప్రశ్న అడుగువాడే రేపు మీ బిడ్డను గుర్తుపట్టి ఇంటికి చేర్చువాడు. కిరాణా దుకాణమువానితో రెండు నిమిషములు మాటలాడుడు. ఆ వీధిలో ఎవరికైన ఆపద వచ్చినప్పుడు ముందుగా వచ్చునది ఎవరని అడుగుడు. అతడు వెంటనే ఒక పేరు చెప్పినచో అది వాడ. ఆలోచనలో పడినచో అవి ఇండ్లు మాత్రమే.

నీరు, బస్సు, బడి దూరము ఇవియు చూడవలెను. వీనితోపాటు ఇంకొక లెక్క కలదు. అది మన పాఠశాలకు ప్రాణము వంటిది.

1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక సూత్రమును అంగీకరించినది. ప్రాథమిక దశలో, రాష్ట్ర భాష గాక వేరొక మాతృభాష గల పిల్లలు పాఠశాల మొత్తములో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని యున్నచో, ఆ భాషలో బోధించుటకు కనీసము ఒక ఉపాధ్యాయుని నియమింపవలెను. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన సౌకర్యములు కల్పింప ప్రయత్నించుట రాష్ట్రముల విధిగా నిర్దేశించినది. ఆచరణలో ఈ సూత్రము అన్ని చోట్ల ఒకే తీరున సాగలేదు. అయినను మన చేతిలోని ఆధారము అదియే.

తరగతికి పదిమంది పిల్లలు! ఎంత చిన్న సంఖ్య! పది కుటుంబములు పది దిక్కులకు పోయినచో, ఏ దిక్కునను తెలుగు తరగతి యుండదు. అవే పది కుటుంబములు ఒకే వాడలో ఇండ్లు చూచుకొన్నచో, ఉపాధ్యాయుని అడుగుటకు హక్కు వాటి వెంట వచ్చును. హక్కు చట్టములో వ్రాసియున్నను, దానిని లెక్కించునది వీధిలోనే.

ఇంతమాత్రము చేత తెలుగువారు మాత్రమే ఉండు వాడను వెదకుడని మా భావము కాదు. ఇది మరాఠీ, కన్నడము, తెలుగు, ఉర్దూ కలసి వినబడు నగరము. 1931 జనవరి 12న ఉరితీయబడిన మన నగరపు నలుగురు అమరులు మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ శిందే, శ్రీకిసన్ సారడా, నాలుగు వేర్వేరు సమాజములవారు. పొరుగింటి మరాఠీ తల్లి మీ బిడ్డకు అన్నము పెట్టును. మీరు ఆమె బిడ్డకు పెట్టుడు. మీ బిడ్డ ఆ ఇంట చక్కగా మరాఠీ నేర్చుకొనును. తెలుగు మీ ఇంటను, మన బడిలోను నిలుచును. తలుపు మూసికొని కాపాడిన భాష తలుపు లోపలనే మిగిలిపోవును.

తుదకు మా మనవి ఇది. పడుగు పరచు వీధి నేడు లేదు. మరమగ్గము ఇరుగుపొరుగును పిలువదు. మునుపు అక్కర చేసిన పనిని ఇక మనమే తలపెట్టి చేయవలెను. ఇల్లు మార్చదలచినవారు తమకు తామే పోక, ఈ సభలో మీ ప్రక్కన కూర్చున్నవారిని అడుగుడు. ఏ ప్రాంతమునకు ఎందరు పోవుచున్నారో పేర్లు వ్రాయించుటకు కార్యాలయమున ఒక పుస్తకము ఉంచెదము. పది పేర్లు ఒకచోట చేరిననాడు, ఆ పదిమంది తలిదండ్రులను మేమే పిలిచి కూర్చుండబెట్టెదము.

ఆ తల్లి కుమార్తె మరల మన బడికి వచ్చుచున్నది. రెండు బస్సులు మారి వచ్చుచున్నది. ఆ వాడలో ఇంకను తొమ్మిదిమంది పిల్లలున్నచో, బడియే ఆమె యొద్దకు పోగలదు. ఆ తొమ్మిదిమంది ఈ సభలోనే యున్నారని మా నమ్మకము.