వాగు దాటే దారి మన చేతుల్లోనే
(మండల రైతు సంఘం మహాసభలో చేసిన ప్రసంగం)



మా ఊరికీ తారురోడ్డుకీ మధ్య వాగు ఉంది. జూన్, జూలైలో అనాస కోతకొస్తుంది, అప్పుడే వాగూ పొంగుతుంది. అవతలి ఒడ్డున వ్యాపారి చెప్పిందే ధర. రెండు రోజులు ఆగితే పండు కుళ్లుతుందని ఆయనకీ తెలుసు. నిరుడు నొప్పులు పడుతున్న పిల్లను డోలీలో మోసుకొచ్చి, నీళ్లు తగ్గేదాకా ఒడ్డునే కూర్చున్నాం. బిడ్డ దక్కింది. ప్రతిసారీ దక్కదు.

అర్జీలు చాలా పెట్టాం. అన్నిట్లోనూ రోడ్డు వంతెనే అడిగాం. డబ్బుల్లేవన్నారు. మనుషులు నడిచే వంతెన ఒక్కసారీ అడగలేదు. అది మన పొరపాటు.

కర్ణాటకలోని సుళ్య ఊరి ఇంజినీరు గిరీశ్ భరద్వాజ్, 1989లో అరంబూరు జనం అడిగితే పయస్విని నది మీద వేలాడే కాలివంతెన కట్టారు. తర్వాత అలాంటివి నూటికి పైగా కట్టారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇందులో పని ఏమిటి? రెండు ఒడ్లలో పునాదులు, స్తంభాలు, ఉక్కుతాళ్లు, వాటికి వేలాడే నడకదారి. గుంత తవ్వడం, రాయి, ఇసుక మోయడం, తాడు లాగడం మనకు చేతనైనవే. చేతకానిది లెక్క. ఎంత బరువుకు ఎంత తాడు, వరద గుర్తుకు ఎంత ఎత్తు అన్నది ఇంజినీరే చెప్పాలి. అందాజాగా కట్టిన వంతెన మీదికి పిల్లల్ని పంపలేం.

కట్టాక కాపాడుకోవాలి కూడా. పెరూ దేశంలో అపురిమాక్ నది మీద గడ్డితాళ్ల వంతెన ఉంది. చుట్టుపక్కల నాలుగు ఊళ్ల జనం ఏటా జూన్‌లో తాళ్లు పేని దాన్ని కొత్తగా కడతారు. మనది ఉక్కుతాడే అయినా తుప్పు పడుతుంది, నట్లు వదులవుతాయి. ఏటా తొలకరికి ముందు చూసి బిగించే మనుషులు ఊళ్లోనే ఉండాలి. కట్టినప్పుడు చెయ్యి వేసినవాడికే అది తెలుస్తుంది.

"కూలి మానుకుని మనమెందుకు చెయ్యాలి, ప్రభుత్వం పని కదా?" అని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. శ్రమ ఇస్తామంటే ప్రభుత్వాన్ని వదిలేసినట్టు కాదు. ఇనుము, సిమెంటు, ఇంజినీరు వాళ్ల బాధ్యతే. ఈసారి అర్జీలో ఇంటికి ఎన్ని పనిదినాలు ఇస్తామో రాసి, సంతకాలు పెట్టి, "మా వాటా ఇది, మీ వాటా ఎప్పుడు?" అని అడుగుదాం. అప్పుడు డబ్బుల్లేవన్న మాట అంత తేలిగ్గా రాదు.

ఆ సంతకాలు ఈ సభ ముగిసేలోగా మొదలుపెడదాం. మొదటిది నాది.