పసివాని కడుపు – పెద్దల ఓపిక
(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఇటువంటి సభల్లో చదువుల గురించి, ఉద్యోగాల గురించి, కట్నాల గురించి పెద్దలు మాట్లాడతారు. మేము మాట్లాడబోయేది పసిపిల్లల దొడ్డి సంగతి. నవ్వు వస్తే నవ్వండి, కాని చివరిదాకా వినండి. ఎందుకంటే ఈ చిన్న సంగతి మీదనే మా ఇంట్లో ఒక పిల్లవాడు ఏడాది పాటు తిట్లు తిన్నాడు, వాడి తల్లి పదిమంది చేత మాటలు పడింది. ఆ తిట్లు, ఆ మాటలు రెండూ అన్యాయమేనని మాకు ఆలస్యంగా తెలిసింది. మరొక ఇంట్లో అట్లా కాకూడదనే ఈ నాలుగు మాటలు మనవి చేసుకుంటున్నాము.

మా బాబుకు రెండున్నర ఏళ్ళు వచ్చినా బట్టల్లోనే అయ్యేది. అదే వయసు పిల్లలు చక్కగా చెప్పి కూర్చుంటున్నారు. బజారు నుండి ప్లాస్టిక్ పాటీ తెచ్చాము, బుజ్జగించాము, మిఠాయి ఆశ చూపాము. ఏదీ పనిచేయలేదు. రోజుకు నాలుగైదు సార్లు, పలచగా, చెడ్డ వాసనతో అయ్యేది. కడుపు ఉబ్బెత్తుగా, కాళ్ళు చేతులు పుల్లల్లాగా ఉండేవి. "మొండివాడు, గారాబం ఎక్కువైంది" అన్నారు చూసినవాళ్ళు. మేమూ నమ్మాము. ఒకరోజు చెయ్యి కూడా చేసుకున్నాము. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మాకు తల వంగిపోతుంది.

పురుగుల మందు వేయించాము, టానిక్కులు తాగించాము. చివరకు పట్నంలో ఒక పిల్లల డాక్టరుగారు బరువు చూసి, రక్తపరీక్ష చేయించి, ఆ తర్వాత గొట్టం వేసి చిన్నప్రేగు నుండి చిన్న ముక్క తీసి పరీక్షించి, ఇది సీలియాక్ జబ్బు అన్నారు. ఆ పేరు మేము అదే మొదటిసారి వినడం.

ఆ జబ్బు ఏమిటో మాకు అర్థమైనంతలో చెబుతాము. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. పిండి కలిపితే జిగురుగా సాగేది దానివల్లనే. కొందరికి పుట్టుకతో వచ్చిన తత్వాన్ని బట్టి, ఈ గ్లూటెన్ కడుపులోకి పోగానే ఒంట్లోని రక్షణశక్తి తన చిన్నప్రేగు మీదనే తిరగబడుతుంది. చిన్నప్రేగు లోపల మఖమల్ గుడ్డ మీది నూగు వంటి పొర ఉంటుంది, తిన్న ఆహారాన్ని ఒంటికి పట్టించేది అదే. ఆ నూగు అరిగిపోతే తిన్నది ఒంటబట్టదు. కొందరికి విరేచనాలు, కొందరికి మలబద్ధకం, రక్తహీనత, ఎదుగుదల లేకపోవడం. ఇది అంటువ్యాధి కాదు, దిష్టి కాదు, తల్లి పాల దోషం అసలే కాదు.

దీనికి గోధుమే కారణమని గుర్తించిన చరిత్ర కూడా వినదగినది. హాలండు దేశంలో డిక్కే అనే పిల్లల వైద్యుడు ఉండేవారు. 1944–45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ కరువు వచ్చి రొట్టె దొరకలేదు. దేశమంతా ఆకలితో అలమటిస్తుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం కోలుకున్నారు, రొట్టె తిరిగి రాగానే మళ్ళీ పడ్డారు. ఆ వైద్యుడు 1950లో తన సిద్ధాంత గ్రంథంలో ఈ సంగతిని రుజువులతో నిలబెట్టారు. నేటికీ దీనికి మందు ఒక్కటే: జీవితాంతం గోధుమ, బార్లీ, రై ముట్టకపోవడం.

"ఇది ఉత్తరాది జబ్బు, మనకెందుకు?" అని కొందరు అడిగారు. నిజమే, 2016లో అచ్చయిన ఒక పరిశోధనలో దేశంలోని మూడు ప్రాంతాల్లో 23 వేలకు పైగా పెద్దలను పరీక్షిస్తే, ఈ జబ్బు గుర్తులు రక్తంలో కనిపించినవారు ఉత్తరాదిన వెయ్యికి 12 మంది, దక్షిణాదిన వెయ్యికి ఒక్కరు. అయితే రెండు విషయాలు గమనించాలి. పటాన్‌చెరు, పాశమైలారం కార్ఖానాలలో పనిచేసే బీహారు, యూపీ సోదరులు మనతో ఒకే సఫ్‌లో నిలబడి నమాజు చేస్తున్నారు. వాళ్ళ పిల్లలూ మన పిల్లలే. రెండవది, మన ఇళ్ళలోనూ చపాతీ, బిస్కెట్టు, బ్రెడ్డు, నూడుల్సు రోజూ తిండి అయిపోయాయి.

ఇక అసలు విషయానికి వస్తాము. మేము చేసిన మొదటి తప్పు, కడుపు బాగుపడకముందే పిల్లవాడికి అలవాటు నేర్పబోవడం. లోపల ప్రేగు మంటతో ఉన్నవాడికి వచ్చేది ముందుగా తెలియదు, తెలిసినా ఆపుకునే వ్యవధి ఉండదు. డాక్టరుగారు చెప్పినది ఇదే: "ముందు తిండి సరిచేయండి. కొన్ని వారాలలో విరేచనం గట్టిపడుతుంది. అప్పుడు పాటీ తీయండి." ప్రేగు పూర్తిగా మానడానికి మాత్రం నెలలు పడుతుందని కూడా చెప్పారు.

తిండి సరిచేయడం సులభమనుకున్నాము. మనది జొన్నరొట్టె దేశం. 1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్ సంస్థ పనిచేసే పంటల్లో ముఖ్యమైనవి జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ. వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. వరి అన్నంలో లేదు. పాలు, గుడ్డు, మాంసం, పండ్లలో లేదు. ఖిచ్డీ, ఖట్టా, ఇంట్లో వండిన బిర్యానీ, బియ్యపు ఖీర్, ఖర్జూరం అన్నీ తినవచ్చు. మానవలసినవి చపాతీ, నాన్, షీర్మాల్, లుఖ్మీ, సమోసా, సేమ్యా, బొంబాయి రవ్వ, హలీం, బిస్కెట్టు. బార్లీ మాల్టుతో చేసిన పాలపొడులు కూడా.

నెల గడిచినా బాబుకు పూర్తిగా నయం కాలేదు. కారణం గిర్నీలో దొరికింది. మా జొన్నలు గోధుమల తర్వాత అదే రాయిలో విసిరేవారు. ఆ పిండిలో గోధుమపిండి కలిసి వచ్చేది. తర్వాత నుండి జొన్నలు ఏరి, కడిగి, ఎండబెట్టి ఇంట్లోనే మిక్సీలో పట్టుకున్నాము. వంటలో వేసే ఇంగువలో కూడా చాలా రకాలలో గోధుమపిండి కలుపుతారు, డబ్బా మీద చదివి కొనాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం మిగతా పిల్లలకు మంచి బలమే, కాని అందులో గోధుమ ఉంది కనుక ఈ పిల్లలకు పనికిరాదు. టీచరమ్మకు ముందే చెప్పిపెట్టుకోవాలి.

కడుపు కుదుటపడ్డాక పాటీ తీశాము. రెండు గంటలు బట్టలు తడవకుండా ఉండడం, వచ్చేటప్పుడు ముఖం మార్చడమో మూలకు పోవడమో చేయడం, చెప్పిన చిన్న మాట అర్థం చేసుకోవడం, చెడ్డీ తానే కిందికి లాగుకోవడం, ఇవి కనిపిస్తే సమయం వచ్చినట్లు. తిన్న తర్వాత ప్రేగు సహజంగానే కదులుతుంది గనుక, ఉదయం నాష్తా తర్వాత, రాత్రి అన్నం తర్వాత ఐదు నిమిషాలు కూర్చోబెట్టాము. కాళ్ళు నేలకు ఆనాలి, వేలాడితే పిల్లవాడికి ముక్కే బలం రాదు. కాకపోతే లేపేయాలి, రేపు చూద్దాము అనాలి. అయితే షాబాష్ అనాలి. నీళ్ళతో ఎడమచేతితో కడగడం, సబ్బుతో చేతులు తోమడం, ఎడమకాలు ముందు పెట్టి దువా చదవడం, తహారత్ పాఠం అక్కడే మొదలు.

ఇంకొక మాట. నొప్పి పుట్టిన పిల్లవాడు భయపడి ఆపుకుంటాడు. ఆపుకున్నకొద్దీ గట్టిపడుతుంది, దాని పక్కనుండి పలచని మలం కారి బట్టలు పాడవుతాయి. చూసేవాళ్ళు విరేచనాలనుకుంటారు, లోపల ఉన్నది మలబద్ధకం. అందుచేత నీళ్ళు, జామ, బొప్పాయి, పప్పు, ఆకుకూరలు సరిపడా పెట్టి, డాక్టరుగారిని అడగాలి.

మూడు నెలలలో బాబు తానే చెప్పడం నేర్చుకున్నాడు. అప్పుడు ఈద్ వచ్చింది. వాళ్ళ దాదీ ప్రేమ కొద్దీ "పండుగ పూట ఒక్క చెంచా" అని షీర్ ఖుర్మా పెట్టింది. సేమ్యా గోధుమది. వారం పాటు మళ్ళీ బట్టల్లోనే. ఈసారి మేము తిట్టలేదు. "ఏం తిన్నాడు?" అని వెతికాము. అప్పటినుండి ఒక నోటుబుక్కులో తిన్నది, అయినది రాసుకుంటున్నాము. నేర్చుకున్న పిల్లవాడు హఠాత్తుగా తప్పితే బెత్తం వెతకకండి, తిండిని వెతకండి. దాదీని కూడా మేము నిందించలేదు. ఆమెకు విడమరచి చెప్పకపోవడం మా తప్పు. మేము షిఫ్టు డ్యూటీలకు పోతే పిల్లవాడిని చూసేది ఆమె కదా. ఇప్పుడు బియ్యపు ఖీర్ చేసి ముందు వాడికే పెడుతుంది.

ఓపిక సంగతిలో మనకు ఆదర్శం దూరాన లేదు. ఒక పల్లెటూరి అరబ్బు మస్జిదులోనే మూత్రం పోస్తుంటే సహాబాలు మీదికి పోబోయారు. ప్రవక్త (స) వారిని ఆపి, అతణ్ణి కానిచ్చి, ఆ చోట బకెట్టెడు నీళ్ళు పోయించారు. ఎదిగిన మనిషి మీదనే అంత దయ చూపితే, జబ్బుతో ఉన్న పసివాని మీద మనం చేతులెత్తవచ్చునా?

చివరగా సంస్థ వారికి మా విన్నపాలు మూడు. ఒకటి, ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద గోధుమ తగలని పళ్ళెం ఒకటి వేరే గరిటెతో వేరుగా ఉంచాలి. రెండు, గిర్నీ యజమానులతో మాట్లాడి, రాయి శుభ్రం చేసి జొన్నలు మాత్రమే పట్టే రోజు వారానికి ఒకటి పెట్టించాలి. మూడు, ఎడతెగని విరేచనాలు, ఉబ్బిన కడుపు, ఎదగని ఒళ్ళు ఉన్న పిల్లలను సంగారెడ్డి సర్కారు దవాఖానాకో, పట్నంలో నీలోఫర్‌కో తీసుకుపోవడానికి తోడు ఇవ్వాలి. పరీక్షకు ముందే గోధుమ మాన్పించకండి, మాన్పిస్తే పరీక్షలో జబ్బు కనబడకపోవచ్చు.

మా బాబు ఇప్పుడు లోటా తానే పట్టుకుని పోతున్నాడు. అల్లాహ్ పిల్లలందరికీ ఆరోగ్యాన్ని, పెద్దలమైన మనకు ఓపికను ప్రసాదించుగాక! ఆమీన్.