విద్యార్థుల అధ్యయన పత్రాలు – మన సమీక్ష

(డిగ్రీ, పీజీ విద్యార్థుల ప్రాజెక్టులకు సూచనలిచ్చే అధ్యాపకులు, తల్లిదండ్రులు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వే చేయడం, పట్టికలు వేయడం ఇప్పుడు మన పిల్లలకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం ముగిశాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయవలసి ఉంటుంది. తెలంగాణలో కళాశాల విద్యాశాఖ ‘జిజ్ఞాస’ పేరుతో ప్రభుత్వ డిగ్రీ కళాశాలల విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టులకు పోటీ నిర్వహిస్తోంది. ఇవి కాక పీజీ చివరి సెమిస్టరు ప్రాజెక్టులు ఉండనే ఉన్నాయి. ఈ అలవాటుతో కొందరు విద్యార్థులు ఇప్పుడు తమ కళాశాల వైపే దృష్టి మళ్లించారు. హాస్టల్ భోజనం, స్కాలర్‌షిప్ జాప్యం, బస్సు వేళలు, అద్దె గది దొరకకపోవడం, ఆడపిల్లలు చదువు మధ్యలో మానేయడం వంటి అంశాలు ఎంచుకుని, చిత్తు ప్రతి పట్టుకుని సలహా కోసం మన గడప తొక్కుతున్నారు.

అప్పుడు మనం ఏం చేస్తున్నాం? కొందరం ‘మాషా అల్లాహ్, చాలా బాగుంది’ అని భుజం తట్టి పంపిస్తాం. కొందరం ఎర్ర సిరాతో అక్షర దోషాలు దిద్ది పంపిస్తాం. ఈ రెండింటివల్ల ఆ పత్రానికి మేలూ లేదు, పెద్ద కీడూ లేదు. మూడో రకం సలహా ఉంది. అది విద్యార్థి ఇంకా వెతుకుతుండగానే మన మనసులో ముందే ఉన్న ముగింపును ఆ పత్రంలో పెట్టించడం. మన సమాజం మేలు కోరే వారే ఈ పని ఎక్కువగా చేస్తారు కనుక దీని గురించి కొంచెం గట్టిగా మాట్లాడవలసి ఉంది. అలాంటి పత్రం ప్రిన్సిపాల్ బల్ల మీదికి వెళ్లి మొదటి ప్రశ్నకే కూలిపోతే, ఆ సమస్యను మళ్లీ ఎత్తడానికి ఆ కళాశాలలో చాలాకాలం ఎవరికీ ధైర్యం రాదు.

ముందుగా ప్రశ్నావళిని చూద్దాం. ‘ముస్లిం విద్యార్థినులు చదువు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు?’ అన్నది తరచుగా కనిపించే శీర్షిక. దాని కింద ఎంచుకోవడానికి నాలుగు జవాబులుంటాయి: తల్లిదండ్రుల అభ్యంతరం, తొందరగా పెళ్లి, మత కట్టుబాట్లు, చదువు మీద ఆసక్తి లేకపోవడం. ఈ నాలుగింటినీ మరొకసారి చదవండి. నాలుగూ ఇంటినో, ఆ అమ్మాయినో తప్పుపట్టేవే. సాయంత్రం ల్యాబు ముగిసేసరికి ఊరికి ఆఖరి బస్సు వెళ్లిపోతుందన్నది అందులో లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కళాశాల ఫీజు అడుగుతోందన్నది లేదు. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదన్నది లేదు. బురఖా మీద తరగతిలో వినిపించే వెటకారం లేదు. జాబితాలో లేని కారణం ఫలితాల పట్టికలోకి ఎలా వస్తుంది? అందరూ ఆ నాలుగింటిలో ఏదో ఒకదానికి టిక్కు పెడతారు. చివరికి పత్రం ‘సమస్యకు మూలం కుటుంబమే’ అని తేలుస్తుంది. ఆ ప్రశ్నావళి రాసింది మన అమ్మాయే! తన గురించి ఇతరులు చెప్పగా విన్న మాటలనే ఆమె జవాబులుగా రాసింది.

మన ఇళ్లలో పెళ్లి తొందర లేదని మేము అనడం లేదు. ఉంది, చాలా ఇళ్లలో ఉంది. అది జాబితాలో ఉండవలసిందే. అయితే సమీక్షకులుగా మనం చేయవలసింది అయిదో జవాబును, ఆరో జవాబును మన చేత్తో రాసి ఇవ్వడం కాదు. ‘ఈ కాగితం పక్కన పెట్టి, చదువు మానేసిన అయిదుగురితో ముందుగా ఊరకే మాట్లాడి రా. వారి మాటల్లోంచి జాబితా తయారు చెయ్యి’ అని చెప్పడమే మన పని. ఆ వారం రోజుల ఆలస్యం ఆ పత్రానికి ప్రాణం పోస్తుంది.

చదువు మానేసినవారితో అని ఎందుకంటున్నామంటే, ఈ అంశంపై వచ్చే పత్రాల్లో చాలావాటికి సమాచారం తరగతి గదిలోనే సేకరిస్తారు. తరగతిలో కూర్చున్నవారు చదువు మానలేదు కదా! మానినవారి గురించి వారు చెప్పేది ఊహ మాత్రమే. అసలు జవాబులున్నవారు ఇళ్లలోనో, కుట్టుమిషన్ల దగ్గరో, అత్తవారి ఊళ్లలోనో ఉన్నారు. వారెవరో తెలుసుకోవడానికి దారి ఉంది. మొదటి సంవత్సరం అడ్మిషన్ రిజిస్టరును, అదే బ్యాచి మూడో సంవత్సరం పరీక్షల నామినల్ రోల్‌ను పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిదానిలో ఉండి రెండోదానిలో లేని పేర్లు కనిపిస్తాయి. అందులో టీసీ తీసుకుని వేరే కళాశాలకు వెళ్లినవారెందరో, నిజంగా ఆగిపోయినవారెందరో వేరు చేయాలి. ప్రిన్సిపాల్ అనుమతి లేకుండా ఇది జరగదు గనుక, మార్గదర్శకులైన అధ్యాపకులు తామే వెంటబెట్టుకుని వెళ్లి ఆ అనుమతి ఇప్పించాలి. సమీక్ష అంటే కాగితం అంచున రాసే వ్యాఖ్య మాత్రమే కాదని మేము అనుకోవడానికి ఇదొక కారణం.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రశ్నావళి ఇంగ్లిషులో ఉంటుంది, జవాబిచ్చే అమ్మాయి ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుతుంది, చదువు తెలుగు మాధ్యమంలో సాగింది. అర్థం కాని ప్రశ్నకు ఎవరైనా ‘అవును’ అనే పెడతారు. దూదేకుల కుటుంబాల్లో అయితే ఇంటి భాషే తెలుగు. అక్కడ ఉర్దూ ప్రశ్నావళి తీసుకుపోతే అదీ పనికిరాదు. ప్రతి ప్రశ్ననూ ఒకసారి పైకి చదివించి, ‘నీకేమని అర్థమైంది?’ అని ఇద్దరు ముగ్గురిని అడగమని విద్యార్థికి చెప్పండి.

ఇక గణాంకాలు. ఉన్నత విద్యపై అఖిల భారత సర్వే ప్రకారం 2019-20లో దేశంలోని ముస్లిం విద్యార్థుల సంఖ్య దాదాపు 21 లక్షలు. 2020-21లో అది 19.21 లక్షలకు పడిపోయింది. ఈ పతనం మన సభల్లో, పత్రికల్లో ఎంతగానో చర్చకు వచ్చింది. రావలసిందే. విద్యార్థులు కూడా తమ పత్రాల తొలి పేజీలోనే దానిని రాస్తారు. అయితే 2021-22 సర్వేలో ఆ సంఖ్య మళ్లీ 21 లక్షలు దాటింది. ఈ రెండో మాట రాసే పత్రాలు అరుదు. పడిపోయిన సంవత్సరాన్ని మాత్రమే చూపి ఊరుకుంటే, తర్వాతి సంవత్సరం నివేదిక చేతపట్టుకున్న ఏ అధికారి అయినా మన విద్యార్థిని ఒక్క మాటతో నోరు మూయించగలడు. రెండూ రాస్తే ప్రశ్న బలహీనపడదు, పదునెక్కుతుంది: కరోనా ఏడాది మన పిల్లలే ఎందుకు అంతగా జారిపోయారు? రెండేళ్ల కిందటి సంఖ్యకు తిరిగి చేరడమే ఎదుగుదల అనిపించుకుంటుందా? మనకు ఇష్టంలేని అంకెను చేర్చమని చెప్పే ధైర్యం సమీక్షకునికి ఉండాలి. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికను ఈనాటికీ మనం చేతపట్టుకుని మాట్లాడగలుగుతున్నామంటే, అది జనాభా లెక్కలు, జాతీయ శాంపిల్ సర్వే వంటి ప్రభుత్వ గణాంకాల మీదే నిలబడి మాట్లాడింది గనుక.

పట్టికల్లో మరో లోపం ఉంది. ‘ముస్లిం’ అని ఒకే గడి పెట్టి అందరినీ అందులో వేస్తారు. రిజర్వేషన్ల విషయంలో మాత్రం మనం ఒక్కటిగా లేము. దూదేకులవారు బీసీ-బిలో ఉన్నారు. 2007 చట్టం కింద నాలుగు శాతం రిజర్వేషన్ పొందినవారు బీసీ-ఇలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారు ఆ చట్టం పరిధిలోకి రారు. సీటు, ఫీజు రాయితీ, ధ్రువపత్రం కోసం తిరిగే కార్యాలయం, ఇవన్నీ ఈ తేడాను బట్టి మారుతాయి. ఫీజు సమస్యపై రాసే పత్రంలో ఈ మూడూ ఒకే గడిలో కలిసిపోతే ఎవరి ఇబ్బంది ఏమిటో తేలదు. సమాజంలో విభజన తెస్తున్నామని కొందరు పెద్దలు నొచ్చుకోవచ్చు. విభజన ఎమ్మార్వో కార్యాలయం ఇచ్చే కాగితంలోనే ఉంది. పట్టిక దానిని చూపుతుంది, అంతే.

అద్దె గది విషయానికి వద్దాం. ‘ముస్లిం అని తెలియగానే గది లేదన్నారు’ అని విద్యార్థులు రాస్తారు. ఆ అనుభవాన్ని శంకించే హక్కు మనకు లేదు. కానీ అనుభవాన్ని ఆధారంగా మార్చడం ఎలాగో నేర్పే బాధ్యత ఉంది. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే రకమైన అర్హతలున్న ఉద్యోగ దరఖాస్తులను అగ్రవర్ణ, దళిత, ముస్లిం పేర్లతో సంస్థలకు పంపి, ఎవరికి పిలుపు వచ్చిందో లెక్కించారు. దళిత, ముస్లిం పేర్లకు అవకాశాలు తగ్గాయని తేలింది. ఢిల్లీ పరిసరాల్లో అద్దె ఇళ్లపైనా థోరట్ బృందం అలాంటి పరిశీలనే చేసింది. డిగ్రీ విద్యార్థి అంత పెద్ద పని చేయనక్కరలేదు. ఏ తేదీన, ఏ వాడలో, ఎన్ని ఇళ్లకు ఫోన్ చేశారో, పేరు చెప్పకముందు ఏమన్నారో, చెప్పాక ఏమన్నారో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు. గది దొరికిన ఇళ్లను కూడా రాయాలి. దొరికినవి వదిలేసిన జాబితాను ఎవరూ నమ్మరు.

అదే హాస్టల్‌లో ఉన్న దళిత, గిరిజన విద్యార్థినులను కూడా అడగమని మేము ప్రతిసారీ చెబుతాం. ‘అప్పుడిది మన సమస్య ఎలా అవుతుంది?’ అని ఒక్కోసారి కార్యకర్తలే ఎదురడుగుతారు. నీళ్లు రాకపోవడం, స్కాలర్‌షిప్ ఆగడం అందరి సమస్య అని తేలితే వార్డెన్ ముందు నిలబడేవారి సంఖ్య పెరుగుతుంది. రంజాన్‌లో సహరీ వేళకు మెస్ తెరవకపోవడం మనకే ప్రత్యేకమని తేలితే, ఆ ఒక్క అభ్యర్థనను విడిగా, సూటిగా పెట్టవచ్చు. రెండింటినీ కలిపేసిన పత్రం రెండు విధాలా నష్టపోతుంది.

భద్రత గురించి చెప్పడానికి ఎక్కువ మాటలు అవసరం లేదు గానీ, ఇందులో రాజీ మాత్రం కుదరదు. ‘బీఎస్సీ రెండో సంవత్సరం, హిజాబ్ ధరించే విద్యార్థిని’ అని రాసి పేరు తీసేస్తే సరిపోదు. ఆ తరగతిలో హిజాబ్ ధరించేది ఆమె ఒక్కతే అయితే కళాశాల అంతటికీ ఆమె ఎవరో తెలిసిపోతుంది. అధ్యాపకుని మీద ఆమె చెప్పిన మాట ఇంటర్నల్ మార్కుల దాకా వెళుతుంది. గూగుల్ ఫారంలో ఈమెయిల్ చిరునామాలు నమోదయ్యే అమరిక ఉంటే దానిని తీసివేయించాలి. పూర్తయిన ఫారాల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. పత్రాన్ని చదివేటప్పుడు ‘ఈ వాక్యంతో ఎవరైనా గుర్తుపడతారా?’ అన్నది మొదటి ప్రశ్న కావాలి. శైలి, వ్యాకరణం తర్వాత చూడవచ్చు.

వ్యాఖ్య రాసే తీరు గురించి కూడా రెండు మాటలు. ‘ఇంకా లోతుగా రాయాలి’ అని రాస్తే విద్యార్థి ఏం చేయాలి? ఎంత లోతు తవ్వాలి? ‘మూడో పేజీలో స్కాలర్‌షిప్ ఆలస్యమవుతోందని రాశావు. దరఖాస్తు చేసిన తేదీ, బ్యాంకులో జమ అయిన తేదీ పదిమందికైనా సేకరించగలవా?’ అని రాస్తే మర్నాడే పని మొదలవుతుంది. మీకు ఆ పత్రంలో ఏమర్థమైందో మొదట రెండు వాక్యాల్లో మీ మాటల్లో రాయండి. విద్యార్థి అనుకున్నదీ మీకు అర్థమైనదీ వేరని తేలితే, సగం దిద్దుబాటు అక్కడే జరిగిపోతుంది. ఒక పత్రానికి మూడు సూచనలు మించవద్దు. ముప్పై రాస్తే ఒక్కటీ చేయరు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇవన్నీ సమాచారం సేకరించక ముందే చెప్పాలి. బైండింగ్ అయిన పుస్తకానికి సలహా ఇచ్చి లాభమేమిటి?

అధికారుల దగ్గర ఉన్న అంకెల కోసం సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నాటి ఆ చట్టం ప్రకారం సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. రుసుము పది రూపాయలే. ప్రైవేటు కళాశాల నేరుగా దాని కిందికి రాకపోయినా, విశ్వవిద్యాలయం, సంక్షేమ శాఖ వస్తాయి. ప్రాజెక్టుకు ఉన్న గడువు రెండు మూడు నెలలే కనుక దరఖాస్తు మొదటి వారంలోనే పంపించాలి. చివరలో గుర్తుకొస్తే జవాబు వచ్చేసరికి వైవా అయిపోయి ఉంటుంది. పత్రం పూర్తయ్యాక దానిలోంచి రెండు పేజీల సారాంశం రాయించి ప్రిన్సిపాల్‌కు, జిల్లా మైనారిటీ సంక్షేమ అధికారికి ఇప్పించి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఈ ఏడాది ప్రశ్నావళుల ముసాయిదాలు వెనుక బల్ల మీద పెట్టించాం. ఇంకా ఎవరూ సర్వే మొదలుపెట్టలేదు. భోజన విరామంలో ఒక్కొక్కరు రెండేసి తీసుకోండి. రాసిన విద్యార్థులు ఇక్కడే ఉన్నారు. పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ఎర్ర పెన్నులు వద్దు, పెన్సిళ్లు అక్కడే ఉన్నాయి.