నొప్పి తెలియని పాదము

మన ఇండ్లలో నరమను మాటను పలువిధముల వాడుచుందుము. ముంజేతిమీద ఉబ్బి నీలముగా కనబడుదానిని నరమందుము. పిక్క పట్టినప్పుడు నరముమీద నరమెక్కినదందుము. వైద్యుడు మణికట్టు పట్టి చూచినచో నాడి చూచినాడందుము. వీనిలో మొదటిది నెత్తురు పారు సిర. రెండవది కండరము బిగిసికొనుట. మూడవది గుండె కొట్టుకొనుటవలన ధమనిలో పుట్టు అదురు. నేను నేడు ముచ్చటింపబోవు నరము ఈ మూటిలో ఏదియు కాదు. అది తెల్లని త్రాడువంటిది. వార్తలు మోయుటయే దాని పని. కావుననే దానిని జ్ఞానతంతువనియు చెప్పుదురు.

పెద్ద నరమొకదానిలో వేలకొలది సన్నని పోగులుండును. కొన్ని పోగులు చర్మమునుండి వెన్నుపామునకు వార్తలు కొనిపోవును. మరికొన్ని అచటినుండి ఆజ్ఞలను కండరములకు తెచ్చును. నడుమునుండి పాదమువరకు పోవు పోగు ఒక్కటే సుమారు 1 మీటరు పొడవుండును. వార్త దానిలో తంతి తీగెలో విద్యుత్తు పారినట్లు పారదు. పోగు గోడకు సన్నని వాకిళ్లు కలవు. వార్త వచ్చినచోట అవి తెరచుకొని, ఉప్పులోనుండు సోడియము లోనికి చొచ్చును. అందుచే ప్రక్క వాకిళ్లు తెరచుకొనును. ఇట్లు ఒకదానివెంట నొకటి తెరచుకొనుచు వార్త ముందునకు సాగును.

ఈ వేగమును కొలుచుట మనుష్యునకు సాధ్యము కాదని ఒకప్పుడు పెద్ద పండితులే తలచిరి. జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జు 1850లో దానిని కొలిచి చూపెను. ఆయన కప్పకాలి కండరమును, దానికి పోవు నరమును తీసికొని, ఆ నరమును మొదట కండరమునకు దగ్గరగను, పిదప దూరముగను విద్యుత్తుతో తాకించెను. దూరమున తాకించినప్పుడు కండరము కదలుటకు రవంత ఆలస్యమయ్యెను. రెండు తావుల నడిమి దూరమును ఆ ఆలస్యముచే భాగింపగా సెకండుకు సుమారు 27 మీటర్లని తేలెను. అది రైలుబండి పరుగే గాని మెరుపు పరుగు కాదు.

పోగులన్నిటి వేగము నొకటి కాదు. కొన్నిటికి కొవ్వుతో కూడిన తొడుగుండును. మన చేతిలో ఇట్టివి సెకండుకు 50, 60 మీటర్ల వేగమున వార్తను పంపును. తొడుగు లేని సన్నని పోగులలో అది సుమారు 1 మీటరు మాత్రమే నడచును. చీకటిలో గడపకు కాలివ్రేలు తగిలినప్పుడు గమనింపుడు. తగిలినదని వెంటనే తెలియును. మండెడి నొప్పి మాత్రము ఒక్క క్షణమాగి వచ్చును. ముందు వచ్చినది తొడుగున్న పోగు తెచ్చిన వార్త. వెనుక వచ్చినది తొడుగులేని పోగు తెచ్చినది.

పురాణకాలక్షేపమున బాసిపెట్లు వేసికొని చాలసేపు కూర్చున్నచో కాలు తిమ్మిరెక్కును. ఒత్తిడిచే నరములో వార్త ఆగినది. లేచి కాలు చాచిన కొంతసేపటికి స్పర్శ మరల వచ్చును. ఇది జబ్బు కాదు. కాని ఏ ఒత్తిడియు లేకయే నెలలతరబడి పాదములు తిమ్మిరెక్కుట, చీమలు ప్రాకినట్లుండుట, రాత్రులు అరికాళ్లు మండుట, గట్టినేలయే దూదివలె తోచుట కలిగినచో, అది వయస్సువలన వచ్చినదని ఊరకుండరాదు.

నేను వైద్యుడను. ఒకనాడు అరువది యేండ్ల రైతు నాయొద్దకు వచ్చెను. సంక్రాంతి చలిలో మంటకడ కాళ్లు కాచుకొనుచు అరికాలు కాల్చుకొన్నాడు, కాలినట్లు తెలియలేదు. మరునాడు మనుమరాలు చూచి కేకవేసినది. "నొప్పి యేమియు లేదు బాబూ, పిల్ల పోరగా వచ్చితిని" అని ఆయన నాతో ననెను. నొప్పి లేదను ఆ మాటయే నాకు భయము గొలిపెను. ఆయనకు పండ్రెండేండ్లనుండి మధుమేహము. రెండేండ్లుగా పాదములు తిమ్మిరిగా నున్నవట. పుండు ఎముకవరకు పోయినందున రెండు వ్రేళ్లు తీసివేయవలసి వచ్చినది. తిమ్మిరి ఆరంభించిననాడే ఆయన వచ్చియుండిన ఆ వ్రేళ్లు దక్కియుండెడివని నేటికిని తలచుచుందును.

నొప్పి మనకు శత్రువుగా తోచును, నిజమునకది కావలివాడు. ఈ సత్యమును వేలూరులో లోకమునకు చూపినవాడు పాల్ బ్రాండను శస్త్రవైద్యుడు. ఆయన 1946లో అచటి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చెను. కుష్ఠరోగుల వ్రేళ్లు రోగమువలననే కుళ్లి రాలునని అప్పటి నమ్మకము. బ్రాండు పరిశీలింపగా, నరములు చెడి స్పర్శ పోవుటవలననే వారు గాయపడుచున్నారని తేలెను. వేడిపాత్ర పట్టుకొన్నను, మేకు గ్రుచ్చుకొన్నను తెలియదు. రాత్రి ఎలుకలు వ్రేళ్లు కొరికినను మెలకువ రాదు. అందుచే ఇండ్లకు పోవు రోగులకు పిల్లిని ఇచ్చి పంపిరి.

ఇక పరీక్షలు. వైద్యుడు కన్నులు మూసికొనుమని దూదితో తాకి, ఎచట తాకినదో చెప్పుమనును. శ్రుతిదండమును మ్రోగించి కాలివ్రేలి ఎముకపై ఆనించి, అదురు తెలియుచున్నదా యని అడుగును. నైలాను పోగొకటి కలదు. అది సరిగా 10 గ్రాముల ఒత్తిడికి వంగును. దానిని అరికాలికి ఒత్తినప్పుడు తెలియనిచో, ఆ పాదమునకు కావలి పోయినదన్నమాట. చిన్న సుత్తితో మోకాటి చిప్పక్రింద కొట్టగా కాలు ఎగురును. ఆ వార్త వెన్నుపామువరకు పోయి, మెదడు ఉత్తరువునకు ఆగకయే మరలి వచ్చును. ఈ పరీక్షను ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అను జర్మను వైద్యులిరువురు 1875లో వేర్వేరుగా ప్రకటించిరి.

పెద్ద ఆసుపత్రులలో విద్యుత్తుతో చేయు పరీక్ష కలదు. అది హెల్మ్‌హోల్ట్జు లెక్కయే. మణికట్టుకడను, మోచేతికడను నరమును తాకింతురు. నడిమి దూరము 24 సెంటీమీటర్లు, ఆలస్యము సెకండులో వేయింట 4 భాగములైనచో, వేగము 60 మీటర్లు, అది మంచిది. తొడుగు చెడినచో వేగము తగ్గును. పోగులే చచ్చినచో వార్త బలము తగ్గును. చురుక్కుమని తగులును గాని భయపడనక్కరలేదు. గుండెకు యంత్రము అమర్చినవారు మాత్రము ముందుగా వైద్యునితో చెప్పవలెను. మరియొక సంగతి. ఈ పరీక్షలో సన్నని పోగుల జబ్బు కనబడదు. ఫలితము బాగున్నను అరికాళ్ల మంట తగ్గనిచో మరల వైద్యునే అడుగవలెను.

ఇంటిలో చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదను. పెద్దవారిని కన్నులు మూసికొనుమని, రెండు పాదములలోను బొటనవ్రేలిని, నడిమివ్రేలిని, చిటికెనవ్రేలిని మీ వ్రేలికొనతో ఒక్కొక్కసారి మెల్లగా తాకుడు. నొక్కరాదు. ఈ ఆరింటిలో రెండైనను తెలియనిచో ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపొండు. నరములు చెడుటకు మధుమేహమొక్కటే కారణము కాదు. తాగుడు, కొన్ని మందులు, విటమిను బి12 లోపము కూడ కారణములే. బి12 లోపమును వేళకు కనిపెట్టినచో చక్కజేయవచ్చును. చర్మముపై స్పర్శలేని పాలిపోయిన మచ్చ కనబడినచో కుష్ఠమేమో చూపించుకొనవలెను. దానికి మందు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా దొరకును, పూర్తిగా నయమగును, దాచుటవలననే నష్టము.

కావలి తగ్గిన పాదమునకు కన్నులే కావలి కావలెను. ప్రతి సాయంకాలము కాళ్లు కడిగికొని, అరికాళ్లను వెలుతురులో చూచుకొనుడు. చూపానక పోయినచో మనుమల నడుగుడు. చెప్పులు లేక పొలమునకు పోకుడు. నీళ్ల వేడిని కాలితో గాక మోచేతితో చూడుడు. నొప్పి లేదని పుండును తేలికగా తీసికొనకుడు. నొప్పిలేని పుండునకే ముందుగా వైద్యుని చూడవలెను.